ఏ మనిషి చెవినా పడదు

ఆగస్టు 20, మంగళవారం

ఈ నోటుబుక్కు ఆఫీసులో ఇచ్చింది. మొదటి రెండు పేజీల్లో ఏదో సమావేశంలో రాసుకున్న ముక్కలున్నాయి. అవి అలాగే ఉండనీ. ఇలాంటివి ఫోనులో రాసుకోవచ్చు గాని, ఫోనుకి చెప్పింది ఫోనుకే తెలుస్తుందన్న నమ్మకం నిన్న సాయంత్రం పోయింది.

అమ్మ బట్టలు మడతపెడుతూ మామూలు కబురులా చెప్పింది. పనిమనుషుల్ని పంపే ఏజెన్సీ ఆమెని పోయిన వారం కొత్త భవనానికి మార్చింది. నాలుగో అంతస్తు ఊడ్చి తుడవాలి. తలుపు మీద బోర్డు లేదట. అమ్మకి చదవడం రాదు, కానీ బోర్డు ఉందో లేదో చూడటం వచ్చు. లోపల వరసగా బల్లలు, బల్లకో కంప్యూటరు, చెవులకి డిప్పలు పెట్టుకున్న ఆడపిల్లలు. ఎవరూ మాట్లాడరు. వింటారు, టైపు చేస్తారు.

"కాళ్ళెత్తమ్మా అన్నాను. అంతే, కళ్ళజోడు పిల్ల ఒకతి గిరుక్కున తిరిగి చూసింది. చెవుల్లోవి తీసేసి, 'చెయ్యి నొప్పి తగ్గిందా అమ్మా' అంది."

"నీకు చెయ్యి నొప్పేంటి?"

"నేనూ అదే అన్నాను. నాది నడుం నొప్పి కదమ్మా, చెయ్యి ఎవరు చెప్పారు అని. ఆ పిల్ల నాలుక్కరుచుకుని మళ్ళీ డిప్పలు తగిలించేసుకుంది."

అమ్మ దుప్పటి అంచు నాకందించింది. చెరో వైపు పట్టుకుని లాగుతున్నాం. మడత సగంలో ఉండగా ఇద్దరం ఆగిపోయాం.

అమ్మ నాకు పంపే ప్రతి మెసేజ్ చివర ఒకటే మాట ఉంటుంది: "ఇంక చాలు, చెయ్యి నొప్పెడుతోంది." రాయడం రాని మనిషి. ఆమె మాట్లాడితే యాప్ దాన్ని అక్షరాలు చేసి నాకు పంపుతుంది. ఆ యాప్ పేరుకి అమ్మ నోరు తిరగదు, 'గుమస్తా' అంటుంది. పెన్ను పట్టుకుని రాసినట్టు చెయ్యి నొప్పి అనడం మా ఇద్దరి మధ్య ఉన్న పాత జోకు. మా ఇద్దరి మధ్యే.

గుమస్తాని అమ్మ ఫోనులో పెట్టింది నేను. జనవరిలో మా వార్తల సైటులో దాని గురించి రాసింది కూడా నేనే. "మీరు చెప్పే మాట యంత్రం తప్ప, ఏ మనిషి చెవినా పడదు." ఆ వాక్యం నాది. ఆ యాప్ కంపెనీ స్థాపకుణ్ణి అడిగే రాశాను.

ఆగస్టు 21, బుధవారం

అడిగాను. బాగా గుర్తు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. నాకు కాఫీ తనే తెచ్చి ఇచ్చాడు.

ఆగస్టు 22, గురువారం

ఏడు నెలల్లో అమ్మ పంపిన మెసేజ్‌లన్నీ తీసి పెట్టాను. తను మాట్లాడిన టైము, అది రాతగా నాకు చేరిన టైము. రెండు వరసల్లో రాశాను. మామూలుగా నిమిషం, నిమిషమున్నర. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి పంపినవి ఎనిమిది, పది నిమిషాలు. అంతసేపూ తెర మీద "యంత్రం ఆలోచిస్తోంది" అని ఒక చుక్క తిరుగుతూ ఉంటుంది.

వార్తలకి బొమ్మలు తయారుచేసే ఆయన నా పక్క బల్లే. మేమంతా బొమ్మలాయన అంటాం. కాగితం నా భుజం మీదుగా చూశాడు.

"ఏంటి చెల్లెమ్మా, యంత్రానికి కూడా భోజన విరామమా? మనకంటే నయం."

నవ్వాను. అతనికి ఇంకేమీ చెప్పలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. భోజనం చేసే యంత్రం. దీన్ని వదలను.

ఆగస్టు 24, శనివారం

అమ్మ స్నానాల గది తలుపు దగ్గర నిలబడి అడిగింది, నా ముఖం చూడకుండా.

"మార్చిలో నీకొకటి పంపాను కదా. అది కూడా విన్నారంటావా?"

మార్చిలో అమ్మకి రక్తం పోవడం ఆగలేదు. నలభై రోజులు ఎవరికీ చెప్పలేదు. పక్కన పడుకునే నాకు కూడా చెప్పలేదు. ఒకరోజు ఆఫీసులో ఉండగా మెసేజ్ వచ్చింది. ఎదురుగా నోటితో చెప్పలేని మాటలన్నీ అందులో ఉన్నాయి. చివర్లో డాక్టరు దగ్గరికి తోడు రమ్మంది. వెళ్ళాం. తగ్గింది. ఆ మెసేజ్ గురించి మేం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"యంత్రం కదమ్మా," అన్నాను.

"ఆ," అంది. తలుపు వేసుకుంది.

ఆగస్టు 25, ఆదివారం

అమ్మ ఒక కరపత్రం తెచ్చింది. వీధి చివర క్లినిక్‌లో పంచుతున్నారట. మొత్తం నలభై క్లినిక్‌ల సంస్థ అది. సెప్టెంబరు 9 నుంచి అక్కడికి వెళ్ళేవాళ్ళు డాక్టరుకంటే ముందు చిన్న గదిలో కూర్చుని తమ బాధ గుమస్తాకి చెప్పుకోవాలి. అది రాసి డాక్టరుకి అందిస్తుంది. కింద నా ఫొటో ఉంది. నా పేరుంది. కొటేషన్ గుర్తుల మధ్య నా వాక్యం ఉంది. ఆ పక్కన నలుపు తెలుపు గళ్ళ చదరం. దానికి ఫోను చూపిస్తే నా జనవరి వార్త తెరుచుకుంటుంది.

అమ్మకి ఫొటో కనిపించింది. చేతులు తుడుచుకుని, కరపత్రాన్ని అద్దం కింద బోర్లించిన గ్లాసుకి ఆనించి నిలబెట్టింది.

"ఇదేనా నీ పేరు? ఇంత పెద్ద అక్షరాల్లోనా? మన వంశంలో వేలిముద్రలు తప్ప ఏ కాగితం మీదా మన గుర్తు లేదే. చదువు, ఏం రాశారో."

చదివాను. "క్లినిక్‌లో కొత్త సౌకర్యం వచ్చింది, అందరూ వాడుకోండి అని ఉందమ్మా," అన్నాను.

"ఇంత రాతకి అంతేనా?"

"అంతే."

ఆగస్టు 26, సోమవారం

నాన్న లారీ మీద నుంచి ఫోను చేశాడు. "నీ బొమ్మ గోడలకెక్కిందట కదే" అని గొంతు బొంగురుపోయేదాకా నవ్వాడు.

ఆగస్టు 27, మంగళవారం

పెద్దాయన గదికి వెళ్ళాను. మా సైటు పెట్టిన మనిషి. వయసు ముప్పై నాలుగే గాని గడ్డంలో నాలుగు తెల్ల వెంట్రుకలున్నాయి కాబట్టి పెద్దాయన. ఆయనంటే నాకు గౌరవం. ఇప్పటికీ ఉంది. ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు నా కాలేజీ పేరు అడగని ఒకే ఒక్క మనిషి.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఆయనే పెట్టాడు. వార్తలో తప్పు పడితే గుట్టుగా దిద్దకూడదు. ఎవరు రాశారో వాళ్ళే, తమ లాగిన్‌తో, తమ పేరుతో వార్త పైన 'సవరణ' వేయాలి. వేసిన సవరణని ఇంకొకరు ముట్టుకోకుండా సాఫ్ట్‌వేర్‌లోనే తాళం ఉంది. "నేను కూడా ముట్టుకోలేను" అని ఆయన సభల్లో చెప్తుంటాడు. చప్పట్లు కొడతారు.

"జనవరి వార్తకి సవరణ వేయాలి సర్."

"ఏం తప్పు?"

చెప్పాను. టైముల కాగితం చూపించాను. ఆయన దాన్ని రెండుసార్లు చూశాడు. కుర్చీ వెనక్కి వాలింది.

"నెట్ నెమ్మదిగా ఉన్నా ఇలాగే వస్తుంది. ఆ గది ఎవరు చూశారు?"

"అక్కడ ఊడ్చే ఆవిడ."

"ఊడ్చే ఆవిడ." ఆయన ఎగతాళి చేయలేదు. అలసిపోయినట్టు అన్నాడు. "ఆవిడ మాట మీద మనం నలభై క్లినిక్‌ల పని ఆపమంటామా? చూడమ్మా, మన వార్షిక సభకి ఆ యాప్ వాళ్ళే ముఖ్య పోషకులు. అందుకని అంటున్నానని నువ్వు అనుకుంటావు. అనుకో. కానీ రుజువు లేకుండా సవరణ వేస్తే అది కూడా తప్పే. తెచ్చి చూపించు, నేనే దగ్గరుండి వేయిస్తాను."

ఊడ్చే ఆవిడ మా అమ్మ అని చెప్పలేదు. అమ్మ ఉద్యోగం పోతుందని. అందుకోసమే చెప్పలేదు.

లేచి వస్తుంటే అన్నాడు: "క్లినిక్‌ల ప్రారంభం వార్త కూడా నువ్వే రాయాలి. నీ వాక్యమే శీర్షిక చేద్దాం. జనం నోట్లో నానుతోంది."

"నేను రాయను సర్."

"ఆలోచించుకో."

"ఆలోచించే చెప్తున్నాను."

మెట్లు దిగి నా బల్ల దగ్గరికి వచ్చాను. ఆ మాట తడబడకుండానే వచ్చింది.

ఆగస్టు 28, బుధవారం

స్థాపకుడికి ఫోను చేశాను. నా పేరు వినగానే, "మా ఇంట్లో అందరికీ మీరు తెలుసు," అన్నాడు. సూటిగా అడిగాను. జనం చెప్పే మాటలు మనుషులు వింటున్నారా?

చాలా మర్యాదగా అన్నాడు.

"అదేంటండీ, వినరని మీరే రాశారు కదా. మేం అందరికీ చూపిస్తోంది అదే. క్లినిక్ వాళ్ళు భరోసా అడిగినప్పుడు కూడా మీ వార్తే ఇచ్చాం."

"నేను అప్పుడు మిమ్మల్ని అడిగితే మీరు..."

"మీరు అడిగినట్టు నాకు గుర్తులేదండి."

ఫోను పెట్టేసి జనవరి ఈమెయిళ్ళు తీశాను. వాళ్ళు పంపిన ప్రకటన దొరికింది. రెండో పేరా, మూడో వాక్యం. "మీరు చెప్పే మాట యంత్రం తప్ప, ఏ మనిషి చెవినా పడదు." 'తప్ప' తర్వాత కామా కూడా అదే. అక్కడ కామా అక్కర్లేదు. నేనైతే పెట్టను.

అడగలేదు.

కాఫీ ఇచ్చాడు. ఎంత కష్టపడి చదివానో అడిగాడు. చెప్పాను. ఆ పూటంతా అతను నన్ను అడిగాడు, నేను చెప్పాను. నన్నెవరూ అలా అడగలేదు అంతకుముందు. ఆఫీసుకి వచ్చి, ప్రకటనలోంచి ఎత్తి, కింద నా పేరు పెట్టుకున్నాను.

వాళ్ళు చెప్పారని నేను రాశాను. నేను రాశానని వాళ్ళు చెప్తున్నారు. ఇది చూసి క్లినిక్‌ల వాళ్ళు నమ్మారు. ఈ గుండ్రంలో ఒక్క మనిషి కూడా ఆ గదిలోకి తొంగి చూడలేదు, చీపురుతో వెళ్ళిన మా అమ్మ తప్ప.

ఆగస్టు 30, శుక్రవారం

ఇంకా పది రోజులు. సెప్టెంబరు 9 నాటికి నలభై చిన్న గదులు. ఎంతమంది అమ్మలు.

సెప్టెంబరు 1, ఆదివారం

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి. నాకు అనుకూలంగా రాయకూడదు.

అమ్మ బీపీ బిళ్ళల కోసం క్లినిక్‌కి వెళ్ళింది. అక్కడ కౌంటరు దగ్గర అదే కరపత్రం పెద్దది చేసి గోడకి అతికించారు. "ఈ పిల్ల మా అమ్మాయే" అని అమ్మ చెప్పుకుంది. కౌంటరు ఆవిడ ముచ్చటపడి గోడమీదది మొత్తం పైకి చదివి వినిపించింది.

అమ్మ ఇంటికి వచ్చి చెప్పులు విడిచి, అద్దం కింది కరపత్రం తీసి నా ముందు పెట్టింది.

"చదువు."

"అమ్మా..."

"చదువు. నాకు రాదు కదా. నీకు వచ్చు కదా."

చదివాను. యంత్రం తప్ప, ఏ మనిషి చెవినా పడదు. నా గొంతు నాకే పరాయిగా ఉంది.

"పోయిన వారం ఇందులో ఈ మాట లేదే. రాత్రికి రాత్రి మొలిచిందా?"

కరపత్రం మడవబోయాను.

"వాళ్ళు అబద్ధం చెప్పారంటే వాళ్ళెవరో నాకు తెలియదు. నువ్వు నాకు కాగితం తప్పు చదివి వినిపించావు. ఇరవై రెండేళ్ళు నేను ఊడ్చింది ఎందుకే? నా ఎదురుగా ఎవరైనా కాగితం పట్టుకుంటే, అందులో ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి ఇంట్లో ఒకతి ఉండాలని. రేషను కాగితం, ఆసుపత్రి కాగితం, ఏ కాగితమైనా సరే. అందరూ నన్ను మోసం చేశారు. నువ్వొక్కదానివీ చేయవనుకున్నాను."

అమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. స్టవ్ వెలిగించి, నీళ్ళు పెట్టి, నా వైపు వీపు పెట్టి నిలబడింది.

అప్పుడు మొత్తం చెప్పాను. జనవరి వాక్యం, కాఫీ, కామా, పెద్దాయన, రుజువు. ఊడ్చే ఆవిడ ఎవరో ఆయనకి చెప్పలేదని కూడా.

"ఎందుకు చెప్పలేదు?"

"నీ పని పోతుందని."

"ఇంకోసారి చెప్పు."

నీళ్ళు మరుగుతున్నాయి.

"సిగ్గేసింది," అన్నాను.

అమ్మ స్టవ్ కట్టేసింది. "అదీ. ఇప్పుడు సరిగ్గా చదివావు," అంది.

సెప్టెంబరు 2, సోమవారం

అమ్మ మామూలుగానే మాట్లాడుతోంది. రుజువంటే ఏం కావాలి, ఎలాంటిది కావాలి అని పని అప్పగించినప్పుడు అడిగినట్టు అడిగింది. ఫొటో తీస్తే చాలా? చాలదమ్మా, ఆ పిల్లలు ఏం టైపు చేస్తున్నారో తెలియదు కదా. ఆ పిల్లని మాట్లాడమంటే? మెట్ల దగ్గర కూడా కెమెరాలు ఉన్నాయట, పని మధ్యలో ఎవరితోనైనా మాట్లాడితే పిలిచి అడుగుతారట. మొన్న చెయ్యి నొప్పి అడిగినందుకే ఆ పిల్లని పిలిచారట.

"యంత్రం చేయలేనిది ఏంటి, మనిషి చేయగలిగింది?" అని అడిగింది అమ్మ.

"చెప్పింది చెప్పినట్టు రాయడం యంత్రం పనమ్మా. సొంతంగా ఒక్క ముక్క కలపదు," అన్నాను.

అమ్మ తల ఊపి, తరగడానికి ఇంకో ఉల్లిపాయ తీసుకుంది.

సెప్టెంబరు 3, మంగళవారం

మధ్యాహ్నం పన్నెండుంపావు. ఆఫీసులో ఉన్నాను. అమ్మ దగ్గర నుంచి మెసేజ్. ఇక్కడ అక్షరం పొల్లుపోకుండా ఎక్కిస్తున్నాను.

"అమ్మాయిలూ, ఇది మా అమ్మాయి ఫోనుకి పోతుంది గాని మాట మీతోనే. నేను మీ కాళ్ళ దగ్గర ఊడ్చేదాన్ని. ఇప్పుడు మెట్ల కింద బకెట్ పక్కన కూర్చుని మాట్లాడుతున్నాను. నేను మార్చిలో చెప్పుకున్నది కూడా మీలో ఎవరో ఒకరు వినే ఉంటారు. మీ మీద నాకు కోపం లేదు. పొద్దస్తమానం పరాయి ఏడుపులు వినడం నేను ఊడ్చే పనికంటే కష్టం. కానీ సోమవారం నుంచి ఆసుపత్రిలో చెప్పుకునే మాటలన్నీ మీ చెవుల్లో పోస్తారట. చెప్పుకునేవాళ్ళకి ఆ సంగతి తెలియాలా, అక్కర్లేదా? మా అమ్మాయికి రుజువు కావాలట. యంత్రమైతే నేను చెప్పిందే రాస్తుంది. మనుషులైతే కింద మీ మాట ఒకటి రాయండి. రాయకపోయినా ఏమీ అనుకోను. రేపు కూడా కాళ్ళెత్తమనే అంటాను."

కింద ఒక గీత ఖాళీ. తర్వాత:

"మనుషులమే అమ్మా. ఈ అంతస్తులో అరవై రెండు మందిమి. మీ ఫోను మాటలు ఎప్పుడూ నా బల్లకే వస్తాయి, మార్చిలో మీ మాట రాసింది కూడా నేనే. రాసి, మీకు తగ్గిందో లేదో తెలియక చాలా రోజులు మీ గొంతు కోసం చూశాను. ఇది ఏ బల్ల మీద రాశారో పైవాళ్ళకి పది నిమిషాల్లో తెలుస్తుంది. తెలియనివ్వండి. ఎక్కడైనా వేసుకోండి."

చదివి, మళ్ళీ చదివి, బొమ్మలాయనకి చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. కుర్చీ నా పక్కకి లాక్కుని, తెర ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు.

సెప్టెంబరు 4, బుధవారం

పెద్దాయన మొత్తం చదివాడు. ఒకసారి కాదు.

"ఈవిడ..."

"మా అమ్మ సర్. పోయిన వారం చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాది."

ఆయన చాలాసేపు కిటికీలోంచి కింద పార్కింగ్ చూశాడు. ఆయనకి నిజం తెలిసిపోయింది. అది ముఖంలోనే ఉంది.

"పదో తారీఖున వేద్దాం," అన్నాడు. "ప్రారంభం అయిపోనీ. సభ కూడా అయిపోనీ."

"రుజువు తెస్తే దగ్గరుండి వేయిస్తానన్నారు."

"వేయిస్తానన్నాను. ఎప్పుడో చెప్పలేదు."

"తొమ్మిదో తారీఖు ఒక్కరోజులో ఎంతమంది ఆ గదిలోకి వెళ్తారు సర్?"

"నాకు ఉపన్యాసం ఇవ్వకు. పదకొండు మంది జీతాలు నా నెత్తిమీద ఉన్నాయి."

"అవును సర్. వాటిలో నాదొకటి. దాన్ని మీరు దించేసుకోవచ్చు."

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. లాగిన్ అయ్యాను. జనవరి వార్త తెరిచాను. ఇలా రాశాను:

"సవరణ. ఈ వార్తలో 'ఏ మనిషి చెవినా పడదు' అని నా పేరుతో ఉంది. అది నేను చూసి రాసింది కాదు, అడిగి రాసింది కాదు. కంపెనీ ప్రకటనలోంచి ఎత్తి రాశాను. అది నిజం కాదు. మీరు మాట్లాడేది మనుషులు విని టైపు చేస్తున్నారు. ఒక్క అంతస్తులోనే అరవై రెండు మంది ఉన్నారు. వాళ్ళలో ఒకరు రాసిన మాట కింద ఇస్తున్నాను. ఈ సంగతి మొదట కనిపెట్టింది ఆ అంతస్తు ఊడ్చే ఆవిడ. ఆవిడ మా అమ్మ."

చివరి రెండు వాక్యాలు అమ్మని అడిగే రాశాను. ఫోనులో అడిగాను. "ఊడ్చే ఆవిడ అంటే సరిపోతుందా, ఏజెన్సీ పేరు కూడా పెడతావా?" అంది. ఏజెన్సీ పేరు పెట్టలేదు.

ప్రచురించు అన్న మీట నొక్కాను. పదకొండూ నలభై రెండు.

సెప్టెంబరు 5, గురువారం

పొద్దున్నే లాగిన్ పనిచేయలేదు. తర్వాత ఉత్తరం వచ్చింది. క్రమశిక్షణ, సంస్థ ప్రయోజనాలు, వగైరా. రెండు పేరాలు. కామాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

బొమ్మలాయన ఫోను చేశాడు. నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు.

"చెల్లెమ్మా, నిన్న రాత్రి కోపంలో నీ లాగిన్ మొత్తం తుడిచేశాడు పెద్దాయన. ఇవాళ సవరణ తీయించాలని చూస్తే రావట్లేదు. రాసినవాళ్ళు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు కదా. ఆ రాసినవాళ్ళు ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో లేరు. తాళం వేసి తాళంచెవి తనే బావిలో పడేసుకున్నాడు."

"వార్త మొత్తం తీసేయొచ్చు కదన్నా."

"తీసేద్దామనే అన్నాడు. ఆ యాప్ వాళ్ళే వద్దన్నారు. నలభై క్లినిక్‌ల గోడల మీదున్న గళ్ళ చదరం ఈ పేజీకే వస్తుంది మరి. పేజీ తీసేస్తే ప్రారంభం రోజున జనం ఫోను చూపిస్తే తెల్లకాగితం వస్తుంది. ఉంచితే నీ సవరణ వస్తుంది. గోడల మీద కొత్తవి అంటించడానికి మనుషుల్ని పంపుతున్నారట. నలభై చోట్లకి సోమవారం లోపల అయ్యే పనా?"

కాసేపు ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన మామూలు గొంతుతో, "బల్ల ఖాళీగా ఉంది," అన్నాడు.

నాకు బాధ లేదు. ఉద్యోగం ఇదొక్కటేనా. బాధ లేదు.

సెప్టెంబరు 6, శుక్రవారం

ఉంది. ఆ బల్ల సొరుగులో నా గ్లాసుంది. అది తెచ్చుకోవడానికి కూడా వెళ్ళలేను. అయినా మళ్ళీ అదే మీట నొక్కుతాను.

అమ్మని కూడా ఆ భవనానికి రావద్దన్నారు. ఏజెన్సీ సూపర్‌వైజరు అరిచాడట. అమ్మ చీపురు అతని చేతికి ఇచ్చి వచ్చింది. "ఊడ్చడానికి అంతస్తులకి కరువా? జనం ఉన్నంతకాలం దుమ్ము ఉంటుంది," అంటోంది. కళ్ళజోడు పిల్ల కింద గేటు దగ్గర అమ్మ కోసం నిలబడి ఉందట. మెసేజ్ కింద రాసింది ఆమేనట, బుధవారమే పంపించేశారట. ఇద్దరూ బస్‌స్టాపు దాకా నడిచారట.

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఏం మాట్లాడుకుంటాం. ఏడు నెలలుగా నేను చెప్పడం, ఆ పిల్ల వినడమే కదా. ఇవాళ ఆ పిల్లని చెప్పమన్నాను."

సెప్టెంబరు 9, సోమవారం

అమ్మా నేనూ పొద్దున్నే వీధి చివర క్లినిక్‌కి వెళ్ళాం. ఎందుకు వెళ్ళామో ఇంటి దగ్గర ఇద్దరం అనుకోలేదు. చెప్పులేసుకున్నాం, అంతే.

తలుపుకి రిబ్బను కట్టారు. గోడ మీద పెద్ద కరపత్రంలో నా ఫొటో ఉన్నచోట తెల్లకాగితం అంటించారు. కానీ తొందరలో అంటించినట్టున్నారు, చదరం బయటే ఉంది. దాని పక్కన కొత్త తలుపు, లోపల చిన్న గది, అందులో ఒక కుర్చీ, ఒక మైకు.

మా ముందు యాభై ఏళ్ళ ఆవిడ, టైలరులా ఉంది, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. కౌంటరు ఆవిడ ఆ గదిలోకి వెళ్ళమంది. టైలరమ్మ వెళ్ళలేదు. ఫోను తీసి గోడకి చూపించింది. వేలితో తెర మీద గీత కింద గీత కదుపుతూ, పెదవులు ఆడిస్తూ, నిదానంగా చదివింది. ఆమె చదువుతుంటే నా వాక్యాలు ఎక్కడి దాకా వచ్చాయో నాకు తెలుస్తోంది. 'ఎత్తి రాశాను' దగ్గర ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది.

"అమ్మాయ్," అని కౌంటరు ఆవిడని పిలిచింది. "లోపల వినేది యంత్రమా, మనుషులా?"

"యంత్రమేనండి."

"నువ్వు చూశావా?"

కౌంటరు ఆవిడ గది తలుపు వైపు చూసింది. "మాకు అలా చెప్పారండి," అంది.

"అయితే కనుక్కొని చెప్పు. అప్పటిదాకా నేను డాక్టరుగారికే చెప్పుకుంటాను."

"ఆలస్యం అవుతుందండి. గదిలోకి వెళ్ళినవాళ్ళని ముందు పంపిస్తాం."

"అవనీ," అని టైలరమ్మ గోడ పక్కన బల్ల మీద కూర్చుంది. వరసలో ఆమె వెనకున్న ముసలాయన, "ఏమైందమ్మా?" అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన కూడా వెళ్ళి పక్కన కూర్చున్నాడు. తర్వాత బిడ్డనెత్తుకున్న ఇంకొకావిడ. బల్ల నిండాక నిలబడ్డారు.

కౌంటరు ఆవిడ ఎవరికో ఫోను చేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "లేదు సర్, ఒకరు కూడా లోపలికి వెళ్ళట్లేదు, మనుషులా అని అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు?" అంటోంది.

అమ్మకి ఆ పూట డాక్టరుతో పనేమీ లేదు. అయినా టైలరమ్మ పక్కన కొంచెం చోటు చేయించుకుని కూర్చుంది.

"మీరు ఏం చదివారు ఆ ఫోనులో?" అని అడిగింది, ఏమీ తెలియనట్టు.

టైలరమ్మ ఫోను తెరిచి, మొదటి నుంచి, ఒక్క ముక్క వదలకుండా చదివి వినిపించడం మొదలుపెట్టింది. అమ్మ నా వైపు చూడలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో మాటా ఉన్నదున్నట్టు ఉందా లేదా అని వింటోంది.